ఎర్రక్షరాలు వద్దన్న అక్క

జమ్మలమడుగు స్టాండులో గండికోటకు టాక్సీ తోలే అక్క ఒకామె ఉండేది. ఖాళీగా ఉంటే తువ్వాలతో డిక్కీ తుడిచేది. పెద్ద ఇంజన్ బండ్లకు వెనక డిక్కీ మీద, ఇంజన్ బలం చెప్పేదానికి ఉండే ఎర్రక్షరాలు కొని మగ డ్రైవర్లమంతా మా చిన్న బండ్లకు అతికించుకున్నాం. వచ్చినవాళ్లు అవి చూసి మా బండ్లే ఎక్కేవారు. ఆమెకు వారంగా బేరం లేదు.

"ప్రొద్దుటూరులో దొరుకుతాయి, నువ్వూ అతికిచ్చుకో అక్కా" అన్నాను.

"కొండెక్కేది అక్షరాలా, ఇంజనా అప్పా?" అనింది.

మరుసటి రోజు అందరి ముందరే, తన బండి డిక్కీ మీదున్న కంపెనీ గుర్తు కింద దారం పెట్టి జిగురు కోసి, దాన్ని కూడా పీకేసింది.

"ఇదేందక్కా, ఉండేది కూడా తీసేస్తాండావు?"

"ఇంగ ఎక్కేటోళ్లు నన్ను చూసి ఎక్కుతారు. లేదంటే నడిచి పోతారు."

ఆ రోజు కూడా ఆమెకు బేరం రాలేదు. అయినా గుర్తు ఊడిన చోటును తుడుస్తూనే ఉంది. నా బండి అక్షరాలు ఆమెకు కనపడకుండా, బండి వెనకభాగాన్ని గోడవైపు తిప్పి పెట్టుకున్నాను.