మామగారిని నడిపించిన రోజు

మొన్న మనవాళ్ళ అంగళ్ళుండే బ్రిక్‌ఫీల్డ్స్‌ పేటలో సరుకులు కొనుక్కుని మోనోరైలు స్టేషన్ వైపు కాళ్ళీడ్చుకుంటూ వస్తుంటే, ఒక అమ్మాయి ఓ పెద్దాయన జబ్బ పట్టుకుని, అంకుల్ అంకుల్ అంటూ నవ్విస్తూ రోడ్డు దాటిస్తోంది. పలకరింపు పిచ్చి ఉన్నదాన్ని కదా, అడిగితే ఆయన తన మామగారని చెప్పింది. ముచ్చటేసింది, కాస్త అసూయ కూడా వేసింది. మా రోజుల్లో కోడలు అలా పట్టుకుంటే రబ్బరు ఎస్టేటంతా నెల్లాళ్ళు చెప్పుకునేది.

గుండె ఆపరేషన్ అయినవాళ్ళను ఐసీయూలో లేపి నడిపించే ఫిజియోథెరపిస్టుగా పనిచేసి రిటైరయ్యాను నేను. నడిపించడం అంటే వినడానికి తేలికే గానీ, ఛాతీ కోసి కుట్టిన మనిషి చేతుల మీద బరువు మోపకుండా, గుండెకు దిండు హత్తుకుని లేవాలి. నర్సు మందుల స్టాండునూ, ఛాతీలోంచి వచ్చే గొట్టం తాలూకు సీసానూ పట్టుకుని వెంట రావాలి. రోగి నడుముకు కట్టిన పట్టీ పట్టుకుని, ఒక కన్ను ఆయన ముఖం మీదా, ఒక కన్ను యంత్రం మీదా వేసి నేను నడవాలి. ఒళ్ళు హూనమయ్యే పని. ఆ బరువులన్నీ నేను మరిచిపోయినా నా నడుము మరిచిపోలేదు.

ఆ రోజుల్లోనే మా మామగారికి బైపాస్ అయింది. తెలుక్ ఇంటాన్ దగ్గర ఎస్టేటులో బతుకంతా రబ్బరు చెట్లు గీసి పాలు తీసిన మనిషి. మా ఇళ్ళలో కోడలు మామగారి ఎదుట కూర్చోదు, నేరుగా మాట్లాడదు. పెళ్ళైన నాటి నుంచీ నాకాయన గుమ్మం బయట వినబడే దగ్గు మాత్రమే. కూరలో ఉప్పు తక్కువైందన్న సంగతి కూడా అత్తగారి మీదుగానే వంటింటికి చేరేది.

ఆపరేషన్ మర్నాడు మా సహోద్యోగి ఒకాయన లేపి నిలబెడితే, కళ్ళు తిరిగి మంచం మీద కూలబడ్డారట. అప్పటినుంచి ఎవరు బతిమాలినా కాలు కింద పెట్టలేదు. కఫం పేరుకుంటోందనీ, ఇవాళ కూడా లేవకపోతే మళ్ళీ గొంతులో ఊపిరి గొట్టం వేయాల్సి రావచ్చనీ డాక్టరు చెప్పారు. ఆ వయసులో వేసిన గొట్టం మళ్ళీ తీయడం ఎంత కష్టమో నాకు తెలుసు. కోడలివి కదా, నీ మాట వింటాడని మా విభాగం పెద్దావిడ నన్ను పంపింది. ముందు నుయ్యి వెనుక గొయ్యి అయింది నా పని.

ఆయన వైపు చూడకుండా, ఏం చేయాలో మలాయ్‌లో నర్సుకు చెప్పాను. ఆ పిల్ల అదే మాటను, పాక్‌చిక్, అంటే బాబాయ్ అని మర్యాదగా పిలుస్తూ, ఆయనకు అప్పజెప్పింది. మామగారు కూడా నర్సుకే తల ఊపారు. ఇదేం చోద్యమో అర్థంకాక ఆ పిల్ల మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఎలాగో దిండు హత్తుకుని లేచారు గానీ, నిలబడేసరికి పెదవులు పాలిపోయాయి. చటుక్కున నా మణికట్టు దొరకబుచ్చుకున్నారు.

“అమ్మా, నాను పడిపోతాను. ఏటి సెయ్యాలో నువ్వే సెప్పు.”

నడుము పట్టీ బిగించి పట్టుకుని, మొదటిసారి ఆయన ముఖంలోకి చూశాను.

“కిందకి సూడకండి మామా. నాను పట్టుకున్నాను, ఒదల్ను.”

తలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాం. ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టాక బాత్రూములోకి పోయి ఏడ్చాను. భయం తీరినందుకో, అమ్మా అన్నందుకో నాకే తెలియదు.

ఇంటికొచ్చాక మళ్ళీ ఆయన దగ్గు ఆయనదే, మా మౌనం మాదే. కానీ నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి ఉండేవారు. పొద్దుటినుంచీ పరాయివాళ్ళను నడిపించి వచ్చిన ఒళ్ళు, నిజం చెప్పాలంటే విసుగొచ్చేది. అయినా బ్యాగు పడేసి బయల్దేరేదాన్ని. వీధి చివరిదాకా, మాటా పలుకూ లేకుండా. ఆయన పోయేదాకా అదే మా వరస.

ఇప్పుడు మా కోడలు నాతో గలగలా మాట్లాడుతుంది. నేను తెలుగులో అడిగితే తమిళంలో జవాబిస్తుంది గానీ బంగారం లాంటి పిల్ల. నా మోకాళ్ళు పట్టేస్తున్నాయని చేతికి గడియారం కొనిపెట్టింది. సాయంత్రం కాగానే అది మణికట్టు మీద వణికి, లేచి నడవమంటుంది. దాన్ని తీసి ఫ్రిజ్ మీద పెట్టి కూర్చుంటాను. జీవితమంతా ఇంకొకరిని పట్టుకుని నడిచినదాన్ని, ఒక్కదాన్నే నడవడం నాకు చేతకావడం లేదు.