నేలకు ఆనని బరువు

దయ్యాలు ఉన్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానా అంటే, అదీ చెప్పలేను. నా వృత్తిలో నమ్మకం ఒక్కటే. పైన ఎంత బరువు పెడితే కింద అంతే తేలాలి. తేలకపోతే తప్పు నా లెక్కది.

సూర్యాపేటలో నాకు చిన్న ఆఫీసు ఉంది. ఇళ్ళకు, షాపులకు, ఫంక్షన్ హాళ్ళకు పిల్లర్లూ బీములూ ఎంత లావు ఉండాలో లెక్క కట్టి ఇస్తాను. ఈ లెక్కల చాదస్తం ఇంట్లోనూ పోదు. కూరగాయల బండి దగ్గర కాంటా కుదురుగా నిలిచేదాకా నేను కదలనని మా ఆయన వచ్చిన చుట్టాలందరికీ చెప్పి నవ్విస్తుంటాడు.

మిర్యాలగూడలో సుగుణ టీచర్‌ది రెండంతస్తుల పాత ఇల్లు. కింద ముందు గదిలో ఆవిడ చిన్నపిల్లల బడి నడుపుతుంది. అందరూ రైస్ మిల్లుల్లో పనిచేసే వాళ్ళ పిల్లలు. వెనక గదిలో తను ఉంటుంది. భర్త చనిపోయినప్పటి నుంచి పై అంతస్తు తాళం వేసి ఉంది. ఆ పైన ఇంకో అంతస్తు వేసి కిరాయికి ఇద్దామని ఆవిడ మరిది ప్రభాకర్ పట్టుబట్టాడు. పాత ఇల్లు ఆ బరువు మోస్తుందో లేదో నేను చూసి చెప్పాలి. నేను సరేనని సంతకం పెడితే, దాని కింద కూర్చుని అ ఆలు దిద్దేది ఆ పిల్లలే. అందుకే ఒకటికి రెండుసార్లు చూద్దామనుకున్నాను.

ఇల్లంతా కొలతలు తీసుకుని కంప్యూటర్‌లో మోడల్ తయారు చేశాను. ఇలాంటి మోడల్ మీద మేము సెక్షన్ కట్ అని ఒకటి పెడతాం. అదేమీ బ్రహ్మవిద్య కాదు. సొరకాయను కోసినట్టు ఇంటిని ఒకచోట అడ్డంగా కోశామనుకుంటాం. ఆ కోత మీదుగా పైభాగం బరువు కిందికి ఎంత దిగుతోందో సాఫ్ట్‌వేర్ మొత్తం కూడి చెబుతుంది. నేను మొదటి అంతస్తు స్లాబుకు కాస్త దిగువన, కింది పిల్లర్లన్నిటినీ అడ్డంగా కోస్తూ కట్ పెట్టాను. దాని పైనున్న బరువంతా చేత్తో విడిగా కూడుకున్నాను. రెండూ సమానంగా రావాలి.

రాలేదు. కట్ దగ్గర డెబ్బై రెండు కిలోలు ఎక్కువ వచ్చింది.

అన్ని టన్నుల ఇంట్లో డెబ్బై రెండు కిలోలు ఎవరికి కావాలి? నాకు కావాలి. ఏ పిల్లర్లూ ఏ జాయింట్లూ కోతలోకి రావాలో ఏరి పెట్టిన గ్రూపులో ఒక పిల్లర్ ఎక్కువ పడినా, ఒక్క జాయింటు తక్కువైనా ఇలాంటి తేడాలే వస్తాయి. గ్రూపు చెరిపేసి మళ్ళీ చేశాను. తేడా పోలేదు. పునాది దగ్గర చూస్తే అక్కడ మాత్రం లెక్క సరిపోయింది. అంటే ఆ బరువు మొదటి అంతస్తు మీద ఉంది, కింది పిల్లర్ల తల దగ్గర తెలుస్తోంది, నేలదాకా మాత్రం రావడం లేదు. మధ్యలో ఎక్కడికి పోతోంది? మా చదువు ప్రకారం అలాంటి బరువు ఉండటానికి వీల్లేదు.

సెక్షన్ కట్ బరువుతో పాటు అది ఏ వైపు ఎంత తిప్పుతోందో కూడా చెబుతుంది. చంకన బిందె ఉన్న మనిషి ఎటు ఒరిగిందో చూసి బిందె ఎటువైపుందో చెప్పినట్టే, ఆ తిప్పుడును బట్టి బరువు ఎక్కడుందో పట్టుకోవచ్చు. పట్టుకున్నాను. పై గదిలో, రోడ్డు వైపు కిటికీ దగ్గర.

మర్నాడు పొద్దున టీ తాగి అదే ఫైలు మళ్ళీ నడిపాను. ఏమీ మార్చలేదు. అదే ఫైలు ఎన్నిసార్లు నడిపినా అదే జవాబు రావాలి. బరువు అంతే వచ్చింది, చోటు మాత్రం మారింది. కిటికీ దగ్గర్నుంచి గది మధ్యకు వచ్చింది. మధ్యాహ్నం ఇంకోసారి నడిపితే గది దాటి వెనక వైపు గోడ వారకు చేరింది. పట్టపగలు, బయట ఆటోల హారన్లు, పక్క షాపులో మిక్సీ రిపేరు చప్పుడు. అయినా లేచి ఆఫీసు తలుపు బార్లా తీసి పెట్టాను. మూడు సార్లూ తెరను ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకున్నాను. అవి ఇప్పటికీ ఉన్నాయి.

కోదాడలో రఘు అని నా జూనియర్ ఉన్నాడు. ఇదే పని చేస్తాడు, నాకన్నా నిదానస్తుడు. సంగతేమీ చెప్పకుండా ఫైలు పంపి, కట్ కొత్తగా పెట్టి చూడమన్నాను. సాయంత్రం ఫోన్ చేశాడు.

"గ్రూపులో తప్పేం లేదక్కా. డెబ్బై రెండు కిలోలు ఎక్కువ చూపిస్తుంది. పై అంతస్తు బాత్రూమ్ కింద బీము చివర ఏమన్నా పెట్టారా మీరు? బరువంతా అక్కడే ఉందండీ."

నేనేమీ పెట్టలేదు. వెంటనే నా దగ్గర నడిపి చూశాను. నాకూ అక్కడే వచ్చింది. ఆ తర్వాత ఎన్నిసార్లు నడిపినా అది అక్కడి నుంచి కదల్లేదు. ఎవరో నడిచొచ్చి అక్కడ నిలబడి ఎదురుచూస్తున్నట్టు అనిపించింది. ఇలా రాయడానికి ఇంజనీరుగా సిగ్గుగానే ఉంది, కానీ అనిపించింది మాత్రం అదే.

ఆదివారం మేస్త్రీని వెంటబెట్టుకుని మిర్యాలగూడ పోయాను. చర్చి నుంచి అప్పుడే వచ్చిన టీచర్ తాళాలు తీసింది. పై అంతస్తులో బాత్రూమ్ కింద, అంటే బడి గదిలో వెనక మూల, అందరికన్నా చిన్నపిల్లలు కూర్చునే చోటు. చాపలు పరిచి ఉన్నాయి. పైకప్పుకు కొత్తగా రంగు వేయించారు. పగులు లేదు, చెమ్మ లేదు. నేను ముందు పరీక్ష కోసం గుర్తు పెట్టుకున్న చోట్లన్నీ వేరే. అది వాటిలో లేనే లేదు.

శాంపిల్ చూడాలని అబద్ధమాడి, ఆ బీము చివర ప్లాస్టర్ కొట్టమన్నాను.

"గంత మంచిగున్న రంగు ఖరాబు చేసుడెందుకు మేడం? ఇంకోకాడ సూడరాదు?" అని మా వెనకే వచ్చిన ప్రభాకర్ గొణిగాడు.

మేస్త్రీ సుత్తితో రెండు దెబ్బలు వేశాడో లేదో, రోకలంత పొడుగున పెచ్చు ఊడి చాపల మీద పడింది. గదంతా దుమ్ము. లోపల ఊచలు తుప్పు పట్టి చేత్తో తాకితే పొరలు పొరలుగా రాలుతున్నాయి. పాత బాత్రూమ్ పైపు ఏళ్ళ తరబడి లోపల్లోపల కారి బీమును తినేసింది. పైన ఇంకో అంతస్తు సంగతి తర్వాత, ఉన్నది ఎన్నాళ్ళు నిలిచేదో తెలియదు.

ప్రభాకర్ అప్పటికప్పుడు పోయి ఆటోలో ఇనుప జాకీలు తెచ్చాడు. బీము కింద వాటిని నిలబెట్టేదాకా నేను గది వదల్లేదు. బడి చర్చి పక్క షెడ్డుకు మారింది. ఆ చాపల మీద కూర్చునే పిల్లల్ని తలుచుకుని తిరుగు బస్సులో నాకు ఏడుపు ఆగలేదు.

సూర్యాపేట వచ్చాక అదే ఫైలు, ఒక్క గీత కూడా మార్చకుండా మళ్ళీ నడిపాను. కట్ దగ్గర లెక్క సరిపోయింది. తేడా సున్నా. రఘు దగ్గరా సున్నానే. లెక్క సరిపోయినందుకు నేను దిగులుపడటం అదే మొదలు.

బీము బాగుచేసే పని చూడటానికి మళ్ళీ వెళ్ళినప్పుడు సుగుణ టీచర్ నాకు చాయ్ ఇచ్చి పక్కన కూర్చుంది.

"నిజం చెప్పు బిడ్డా. గాడనే కొట్టుమని నీకెట్ల తెలిసింది?"

ఆవిడకు అబద్ధం చెప్పలేకపోయాను. కట్ సంగతి, కిటికీ దగ్గర్నుంచి బీము దాకా బరువు కదలడం, అన్నీ చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. కొంగు వేలికి చుట్టుకుంటూ విన్నది.

"మా ఆయన పొద్దుగాల్ల కిటికీకాడనే నిలబడెటోడు, పిల్లలు వస్తుంటే సూసుకుంట. బీమారొచ్చినంక కిటికీకాడికెళ్ళి బాత్రూం దాంక గోడ పట్టుకొని నడుసుడే ఆయన పని. బాత్రూం కింద నీళ్ళ చప్పుడు ఇనబడ్తున్నదనెటోడు. నేనే పట్టించుకోలే." నా వైపు తిరిగి అడిగింది. "బరువెంత అన్నవు?"

"డెబ్బై రెండు కిలోలు టీచర్."

ఆవిడ చేతిలో గ్లాసు కింద పెట్టేసింది. కళ్ళనిండా నీళ్ళు, మొహంలో మాత్రం ఏదో వెలుగు.

"దవాఖానల ఆఖరికి నలభై గూడ లేకుండె బిడ్డా. నేనొక్కదాన్నే లేపి కూసోబెట్టేదాన్ని. పానం మంచిగున్నప్పుడు మిల్లుల కాంటామీద నిలబడి వచ్చి చెప్పెటోడు, డెబ్బై రెండని." కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "అంటే ఇప్పుడు మంచిగనే ఉన్నడన్నట్టు."

కింద పెట్టిన గ్లాసు తీసి ఆవిడ చేతికిచ్చాను. ఆవిడే మళ్ళీ అడిగింది, ఇప్పుడు కూడా ఆ బరువు చూపిస్తున్నదా అని.

"లేదు టీచర్. జాకీలు పెట్టినంక లెక్క సరిపోయింది."

ఆవిడ తల ఊపింది. "పోయుంటడు. పని అయినంక ఉత్తగ నిలబడే మనిషి గాదు."

దశాంశాలను రౌండాఫ్ చేయడంలో వచ్చిన తేడా అయి ఉంటుందంటాడు రఘు. అంకెల్ని రౌండాఫ్ చేస్తే వచ్చే తేడా గదిలో నడవదని వాడికీ తెలుసు. నాకు మాత్రం ఇప్పటికీ సంజాయిషీ దొరకలేదు. ఇల్లు బాగుచేయడం అయిపోయింది, ఆ ఫైలుతో ఇక పనిలేదు. అయినా అందులోంచి ఆ సెక్షన్ కట్‌ను తీసేయడానికి నాకు చేయి రాలేదు.