అక్క మోకాలి ముక్క

ఆ ప్రయోగశాలలో ముక్కలకు అన్నం పెట్టేది చిన్నమ్మే. వయసుతో పనిలేకుండా అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. అన్నమంటే అన్నం కాదు, గాజు గిన్నెల్లో పాత ద్రవం తీసి కొత్తది పోయడం. మోకాళ్లు మార్పించుకున్నవాళ్ల కీళ్లలోంచి వచ్చిన మృదులాస్థి ముక్కలు వెచ్చటి పెట్టెలో వారాల తరబడి బతికే ఉంటాయి. వాటికి రక్తంతో పనిలేదు. మొదట్లో ఆ సంగతికి చిన్నమ్మ ఒళ్లు జలదరించేది, తర్వాత అలవాటైపోయింది.

అక్క పోయాక మళ్లీ జలదరించింది.

అక్క దర్జీ. బతుకంతా మిషన్ తొక్కి మోకాలు అరగదీసుకుంది. "లోపల ఎవరో కూర్చుని కొరుకుతున్నారే," అనేది. ఇంట్లో అందరూ నవ్వేవారు, చిన్నమ్మ కూడా. ఆపరేషన్‌కి ముందు, ముక్కను ప్రయోగాలకివ్వడానికి ఒప్పుకుంటూ, "జాగ్రత్తగా చూసుకో. నీ కూరలా మాడ్చకు," అంది. నెల తిరక్కుండానే గుండె ఆగి పోయింది. పెట్టెలో, మూల గిన్నెలో, ఆమె మోకాలు మాత్రం బతికే ఉంది.

మిగతా గిన్నెల్లో, ఆ ప్రయోగాలు నడిపే మేడమ్ వాపు కబురు వేయించేది. ఒంట్లో వాపు పుట్టినప్పుడు కణాలు ఒకదానికొకటి పంపుకునే అణువులవి. ఒక్క చుక్క చాలు. కబురందిన కణాలు తమ చుట్టూ కట్టుకున్న గోడల్ని తామే కరిగించుకుంటాయి, కొత్తవి కట్టడం మానేస్తాయి. ఆ కరిగినది కలిసిన ద్రవంలో నీలం రంగు వేస్తే ఊదాగా మారుతుంది.

"ఇందులో మాత్రం వేయొద్దు మేడమ్," అంది చిన్నమ్మ.

"సరే. పోల్చి చూడ్డానికి ఒకటి ఉండాలిగా. అదే ఉండనీ."

చిన్నమ్మకు ప్రాణం లేచొచ్చింది. ద్రవం మార్చినప్పుడల్లా ఆ గిన్నెకు ఇంటి సంగతులన్నీ పూసగుచ్చినట్టు చెప్పేది.

పరీక్ష రోజున అక్క గిన్నెలోంచి తీసిన ద్రవంలో చిన్నమ్మ నీలం వేసింది. నీలంగానే ఉండాలి. కళ్లముందే ఊదాగా తిరిగింది.

"నేనేం వేయలేదు మేడమ్," అంది చిన్నమ్మ.

"నువ్వు వేయక్కర్లేదమ్మా. ఆ కబురు మోకాల్లో ఎప్పుడో మొదలైంది. ఇప్పుడు కణాలే దాన్ని తయారు చేసుకుంటున్నాయి. మనిషి పోయిందని వాటికి తెలీదుగా."

మేడమ్ వెళ్లిపోయింది. చిన్నమ్మ గిన్నె చేతిలో పట్టుకుని ఉండిపోయింది. ఇన్నాళ్లూ తాను అన్నం పెట్టి బతికించింది అక్కనా, ఆ కొరికేదాన్నా? భయమూ దుఃఖమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి.

ఆ రోజు ద్రవం మార్చలేదు. గిన్నె తీసుకెళ్లి ఫ్రీజర్లో పెట్టింది.

"నిజమే చెప్పావక్కా," అంది. "ఇక పడుకో."

తలుపు మూసి, లోపల ముక్క గడ్డకట్టేదాకా అక్కడే నిలబడింది.