మా డీసీఎంకు కొత్త షాక్ అబ్జార్బర్లు

కాలువ కట్టల మీద అడుగుభాగం నేలకు తగులుతోందని, మా పాత డీసీఎం వ్యాను ఎత్తు పెంచడానికి ఈ రోజు మిర్యాలగూడ వెళ్లాం. మెకానిక్ కిందికి వంగి చూసి నవ్వాడు.

“ముందుగాల షాక్ అబ్జార్బర్లు మార్చాలె తమ్మీ, ఇవి ఎప్పుడో ఖతమైనయ్. గిట్లనే ఎత్తు లేపితే ఇంకా ఎగిరేస్తది. ఈ బండిల మనుషులెట్ల కూసుంటున్నరు?”

మా ఆయన ముఖం పాలిపోయింది. పోయిన నెల కడుపునొప్పి వస్తే నన్ను దవాఖానకు తీసుకెళ్లింది ఈ బండిలోనే. అప్పుడు నాకు మూడో నెల. బిడ్డ దక్కలేదు.

“ఎత్తు సంగతి తర్వాత సూద్దాం అన్నా, ముందు అవి మార్చు” అన్నాడు.

వచ్చేటప్పుడు బండి కుదపలేదు. అయినా ప్రతి గుంత దగ్గరా నెమ్మది చేసి నా వైపు చూశాడు. ఇప్పుడు కడుపులో ఎవరూ లేరు కదా అనలేకపోయాను.

కుదుపులకు బిడ్డ పోలేదని డాక్టరమ్మే చెప్పింది. నేను చెబితే నమ్మడం లేదు. ఇది చదివిన మీరైనా కింద రాసి ఆయనకు చెప్పండి.