తాళం తప్పని మూర్ఛ

ఆ రోజుల్లో మా సరిహద్దు ఊరు మద్దేడులో మీసం మొలిచిన ప్రతివాడికీ రెండు దారులే ఉండేవి: నాన్న వెంట పొలానికి పోవడం, లేదా పోనని చెప్పి తిట్లు తినడం. నేను మూడో దారి కనిపెట్టాను. ఫోన్లో వీడియోలు చూసి హిప్‌హాప్ డాన్సరునయ్యాను. (ఆ సంగతి నాకూ, నా స్నేహితుడు బొంగరానికీ తప్ప లోకంలో ఇంకెవరికీ తెలియదు.) రోడ్డు పక్క కల్వర్టు మీద నిలబడితేనే సిగ్నల్ వచ్చేది. అదీ వస్తూ పోతూ ఉండేది. వీడియో ఆగిన చోటల్లా నేనూ ఒంటికాలి మీద ఆగిపోయి, అది కదిలాక కదిలేవాణ్ణి. నా డాన్సులో ఎంత శైలో, ఎంత సిగ్నల్ లోపమో ఇప్పటికీ విడదీయలేను.

ఇందులో రకాలున్నాయని తెలిసినప్పుడు మాకు మతి పోయింది. కండరాలను ఠక్కున బిగించి వదిలితే, ఒంట్లో కరెంటు వచ్చి పోతున్నట్టు కనిపించేది పాపింగ్. చేతులు గిరగిరా తిప్పుతూ హఠాత్తుగా తాళం వేసినట్టు బిగుసుకుపోవడం లాకింగ్. ఈ రెండూ నావి. నేల మీద పడి, వీపు మీదా తల మీదా తిరిగే బ్రేకింగ్ బొంగరానిది. వాడికా పేరు అందుకే వచ్చింది. వాళ్లమ్మ పెట్టిన పేరు వాళ్లమ్మే మరిచిపోయింది. లోపలి కోపాన్నంతా ఛాతీలోంచి విసిరే క్రంప్ అనేది ఇంకోటుంది. అది ఒక్కసారే మా వాకిట్లో చేశాను. నాన్న చెంబు కింద పెట్టి, ఎవడితో పంచాయితీ అయిందని అడిగారు. ఎవడితోనూ కాలేదంటే, మరి ఆ కోపం ఎక్కడిదని ఆరా తీశారు. ఆ కళ అంతటితో వదిలేశాను.

అప్పుడే నాకో సంబంధం వచ్చింది. పిల్లది పామేడు వైపు ఊరు. ఆమెను అంతకుముందే ఒక చుట్టాల పెళ్లిలో చూశాను. ఆడవాళ్లంతా చేతులు పట్టుకుని వరసగా ఆడుతున్నారు. డోలు కొట్టేవాడు మధ్యలో తొందరపడ్డాడు. ఎవరూ పట్టించుకోలేదు గాని, ఈ అమ్మాయి తలతిప్పి ఒక్క చూపు చూసింది. వాడు సర్దుకున్నాడు. నా పని అక్కడే అయిపోయింది. కాబట్టి సంబంధం మాట రాగానే, ఆలోచించి చెబుతానని పెద్దమనిషిలా అని, కల్వర్టు మీదికి పోయి ఎవరూ చూడకుండా ఎగిరాను.

పిల్ల తండ్రి జాగ్రత్త మనిషి. చెప్పాపెట్టకుండా సంత రోజున మద్దేడు వచ్చి, పిల్లవాణ్ణి చాటుగా చూసి పోదామనుకున్నాడట. ఆ సంగతి నాకు తెలియదు. రీచార్జి దుకాణం ముందు, ఎండుచేపలు అమ్మే ఆమె పక్కన కాస్త జాగా దొరికితే, అక్కడ నా జీవితంలోకెల్లా గొప్ప పాపింగ్ మొదలుపెట్టాను. పాట దుకాణం సౌండ్ బాక్సులోంచి వస్తోంది. సంత గోలలో అది దగ్గరున్న నాకు తప్ప ఎవరికీ వినపడటం లేదని తర్వాత తెలిసింది. మెడ బిగించాను, భుజం వదిలాను, కళ్లు పైకి తిప్పాను. (కళ్లు తిప్పడం నా సొంత కల్పన.) జనం మూగారు. నాకు ఉత్సాహం పెరిగింది. ఎవరో పెద్దాయన గుంపును తోసుకుని వచ్చి, నా గుప్పిట్లో తాళాల గుత్తి పెట్టి గట్టిగా మూశాడు. బహుమతి అనుకుని, వంగి దండం పెట్టి, ఆ గుత్తితోనే లాకింగ్ అందుకున్నాను. ఇంకొకామె ఉల్లిగడ్డ చితక్కొట్టి ముక్కు దగ్గర పెట్టింది. మితానిన్ దీదీ, అదే మా ఊరి ఆరోగ్యం చూసే ఆమె, "బైఠో బేటా, బైఠో" అంటూ భుజాలు పట్టి కూర్చోబెట్టింది. పాట అయిపోయింది కాబట్టి నేనూ ఆగాను. అందరూ హమ్మయ్య అన్నారు. అది చప్పట్లకు మా ప్రాంతపు మర్యాద అనుకున్నాను.

ఆ తాళాల పెద్దాయనే పిల్ల తండ్రి. మర్నాడు కబురొచ్చింది. "పిల్లగాడు మంచోడే గాని, మూర్ఛ ఉన్నదని దాసిపెట్టిండ్రు" అన్నాడట. అమ్మ అన్నం ముట్టలేదు. ఊరు మాత్రం నన్ను ఎన్నడూ లేనంత ప్రేమగా చూసింది. బావి దగ్గరికి పోనివ్వరు, బండి నడపనివ్వరు, పొలం పని చెప్పరు. (ఈ చివరిది నేను ఖండించలేదు.) అది నాచ్ అని హిందీలో చెప్పాను, ఆట అని తెలుగులో చెప్పాను, బొంగరం మా అడవి పల్లెల మాటలు దోర్లీలోనూ గోండీలోనూ చెప్పాడు. పాపం, జబ్బుకు సిగ్గుపడొద్దని నాలుగు భాషల్లోనూ ఓదార్చారు.

చివరికి అమ్మే తేల్చింది. "నాకు చెప్పొస్తలేదు. ఆళ్ల ముందర నువ్వే జేసి సూపియ్యి" అని నన్నూ బొంగరాన్నీ బయల్దేరదీసింది. ఆ దారి గుంతల్లో బండి మీద కూర్చుంటే ఎవరైనా పాపింగ్ చేయాల్సిందే. వాళ్ల వాకిట్లో ఇప్పపూలు ఎండబోసి ఉన్నాయి. మంచం మీద పిల్ల తండ్రి, గడప పక్కన ముసలి నాయనమ్మ, లోపల తలుపు చాటున పిల్ల. ముందు బొంగరం గోనెసంచి పరిచి తల మీద తిరిగాడు. తిరిగి తిరిగి పూలలోకి పోయాడు. లేచేసరికి జుట్టునిండా ఇప్పపూలు. కోడి ఒకటి వాడి వెంటపడింది. ఇతనికి కూడా ఉన్నదా అన్నట్టు తండ్రి అమ్మవైపు చూశాడు.

తర్వాత నా వంతు. పాట పెడదామని ఫోన్ తీస్తే అది చార్జింగు అయిపోయి చచ్చి ఉంది. ఊళ్లో ఆ పూట కరెంటు లేదు. కాబట్టి కాబోయే అత్తవారి వాకిట్లో, పూర్తి నిశ్శబ్దంలో, నేను మెలికలు తిరగడం మొదలుపెట్టాను. నా ఎముకల చప్పుడు నాకే వినపడుతోంది. తండ్రి చెయ్యి మెల్లగా నడుముకున్న తాళాల వైపు పోయింది. ఆపి, ఇది డాన్సేనని చెప్పబోయాను. ఆయన కోపం లేకుండానే అడిగాడు: "మా తాన పెండ్లికో ఆట, కొత్త పంట పండుగకో ఆట ఉంటది. ఇది దేనికి బిడ్డా?"

"లోపల ఉన్నది బయటికి చెప్పుడు, మామా."

"లోపల గింత ఉన్నదా?" అన్నాడాయన, నిజంగానే జాలిపడుతూ.

అప్పుడు లోపలి నుంచి బిందె మీద గరిటె దెబ్బ వినిపించింది. ఒకటి, తర్వాత ఇంకొకటి, సమంగా. నా భుజం నా అనుమతి లేకుండానే అందుకుంది. దెబ్బ జోరైతే నేను జోరందుకున్నాను, నెమ్మదిస్తే అలలాగా సాగాను. హఠాత్తుగా ఆగిపోయింది. చెయ్యి గాలిలో ఉండగానే బిగుసుకుపోయాను. నా ముక్కు మీద ఈగ వాలింది. కదల్లేదు. ఆ అమ్మాయి తీరిగ్గా గడపలోకి వచ్చి నన్ను కిందినుంచి పైదాకా చూసి, గరిటె మళ్లీ ఆడించింది. నేనూ ఆడాను.

"మూర్ఛయితే తాళం తప్పుతది గద, నాయినా. ఈయన తప్పుతలేడు" అంది.

తండ్రి ఆలోచనలో పడ్డాడు. నాయనమ్మకు ఆలోచనతో పని లేకపోయింది. "కొడితే కదులుతున్నడు, ఆపితే ఆగుతున్నడు. గిసొంటి మొగడు మాకెవలకన్న దొరికిండా?" అని తేల్చేసింది. ఆ వేసవిలోనే పెళ్లయింది. బరాత్‌లో మా మామగారు స్వయంగా గుంపును వెనక్కి నెట్టి, భయపడకండి, అది ఆటేనని అందరికీ చెప్పుకుంటూ నడిచారు.

మొన్నామధ్య బొంగరం ఒక పాత వీడియో పంపాడు. కల్వర్టు మీద, పక్కలు గొరిగించుకున్న జుట్టుతో, లోకమంతా తననే చూస్తోందన్నంత గంభీరంగా ఒక బక్కవాడు చేతులు విదిలిస్తున్నాడు. వెనక రోడ్డు మీద ఒక్క మేక తప్ప ఎవరూ లేరు. అదీ అటు తిరిగి ఉంది. ఈ మధ్య నేను ఇంత బతుకు బతికి, ఎక్కడికి పోయినా నలుగురూ ఏమనుకుంటారోనని ముందే లెక్కేసుకుంటున్నాను. ఆ కల్వర్టు మీది వాడికి ఆ చింతే లేదు. ఆ వీడియోను మా ఆవిడకు కూడా చూపించకుండా, నొప్పెడుతున్న నడుం మీద చెయ్యి పెట్టుకుని, మళ్లీ మొదటినుంచి చూశాను.