ఉప్పునీళ్ల ఎలుకలకు జుట్టొచ్చింది

ల్యాబ్‌లో ఎలుకల వీపులు గొరగడంలోనే ఆ పరిశోధకురాలి యౌవనం సగం గడిచిపోయింది. వెంట్రుకల కుదుళ్లలో మూలకణాలు గాఢనిద్రలో ఉంటాయి; అవి లేస్తేనే కొత్త జుట్టు మొలుస్తుంది. వాటిని తట్టిలేపే ప్రోటీన్ తనకు దొరికిందని ఆవిడ నమ్మకం. అది రుజువైతేనే పరిశోధన ముందుకు సాగుతుంది. అందుకే కొన్ని ఎలుకల చర్మం కింద ప్రోటీన్, పోల్చి చూడటానికి మిగతావాటికి ఉత్త ఉప్పునీళ్లు ఎక్కించింది.

ఈ ఉదయం చూస్తే ఉప్పునీళ్ల ఎలుకల మీద కూడా తొలకరి పచ్చికలా నల్లటి నూగు లేచింది.

"నేను రాని రోజు వీటిని గొరిగిందెవరు?"

"నేనే అక్కా," అన్నాడు ల్యాబ్‌లో అందరూ తొందరరాయుడని పిలిచే తోటి పరిశోధకుడు. "గొరిగితే మొదళ్లు మిగిలిపోతున్నాయని అన్నింటికీ మైనం పట్టీ వేసి పీకేశాను. ఎంత నున్నగా వచ్చాయో."

ఆవిడ తల పట్టుకుంది.

"పీకితే దెబ్బ తగిలిందనుకుని చర్మమే సంకేతాలు పంపుతుంది నాయనా. కణాలు వాటంతటవే లేచి కూర్చుంటాయి. ఇక నా ప్రోటీన్ ఏం చేసిందని చెప్పను?"

"పోనీ, జుట్టయితే వచ్చింది కదక్కా."

"నీకు దణ్ణం పెడతాను, కాసేపు మాట్లాడకు."

మైనం పట్టీల పెట్టెను అతను చూస్తుండగానే చెత్తబుట్టలో పడేసి, ఆవిడ కొత్త ఎలుకల పంజరం ముందుకు లాక్కుంది.