మిషను చల్లబడిన వానాకాలం

బీటెక్ పూర్తయ్యాక, ఉద్యోగం దొరకక ముందు కొంతకాలం ఉంటుంది చూడండి, అప్పుడు మనిషికి తన తెలివి మీద ఉన్నంత నమ్మకం మళ్లీ ఎప్పుడూ ఉండదు. ఆ రోజుల్లో నేను రాంగోపాల్‌పేట్‌లో, మేం అద్దెకున్న మేడమీది వాటాలో కూర్చుని బిట్‌కాయిన్లు తవ్వేవాణ్ణి. (తవ్వడమంటే పలుగూ పారా కాదు. మిషను ఆపకుండా లెక్కలు చేస్తుంటే, అదృష్టం బాగున్నప్పుడు నాణెంలో ఆవగింజంత ముక్క మన ఖాతాలో పడుతుంది.) ఎవరో వాడి వదిలేసిన ఆ మిషను చూడ్డానికి చెప్పుల డబ్బా అంత, మోత మాత్రం పిండిమర అంత. వెనక ఫ్యాన్‌లోంచి వచ్చే వేడిగాలికి గోడమీది క్యాలెండరు చుట్టలు చుట్టుకుపోయింది.

భీమవరం వదిలి ఎన్నేళ్లయినా మా నాన్నగారి మాటలో ఆ ఊరి కారం పోలేదు. "ఇదిగో అబ్బాయ్, ఆదివారం లోపల దీని కరెంటు తిండి తగ్గించావా సరేసరి, లేదంటే పాత ఇనుముకి వేసేస్తాను" అన్నారు. ఆయన అన్నారంటే చేస్తారు. మిషను ఉన్నన్నాళ్లూ ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి నాకో పని ఉంది. అది పోతే ఉత్త నిరుద్యోగిని. నాకు దిగులు పట్టుకుంది.

అప్పుడు మా ఫ్యూజుగాడు వచ్చాడు. (కాలేజీ ల్యాబులో వాడు చెయ్యి పెడితే ఫ్యూజు ఎగిరేది, అందుకా పేరు.) "జెర ఆగు, పరేషాన్ గాకు. చిప్‌లకు పోయే వోల్టేజ్ తగ్గిస్తే వేడి తగ్గుతది, కరెంట్ సుత తగ్గుతది" అన్నాడు. అందుకు బోర్డు మీద సరైన చోట బియ్యపు గింజంత రెసిస్టర్ ఒకటి అతికిస్తే చాలట. శనివారం పొద్దున ఊపిరి బిగబట్టి అతికించాం. మిషను ఆన్ చేస్తే వేగం కాస్తే తగ్గింది, వెనక చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంది. నాన్నగారు మీటరు దగ్గరికెళ్లి చూసొచ్చి "ఫరవాలేదు" అన్నారు. ఆయన నోట ఆ మాట నా డిగ్రీకి కూడా రాలేదు. గాల్లో తేలిపోయాను.

నేను పట్టించుకోని సంగతి ఒకటుంది. అప్పటికి ముసురు పట్టి ఎండ మొహం చూసి చాన్నాళ్లయింది. అమ్మ మిషను వెనక తాడు కట్టి ఇంటిల్లిపాది బట్టలూ అక్కడే ఆరేస్తోంది. కింద ఉండే ఓనరాంటీ అయితే చెమ్మగిల్లిన ఎండుమిరపకాయలు చాటలో పోసి తెచ్చి పెట్టేది. (ఆ ఘాటుకి నాన్నగారు తుమ్ముతూనే పేపరు చదివేవారు.)

మర్నాడు పొద్దున అమ్మ దుప్పటి పిండి చూసి "దీనికేమైనా జబ్బు చేసిందేమిట్రా?" అంది. వెనకే వచ్చిన ఆంటీ మిరపకాయ విరవబోతే అది వంగింది. "గిదేంది బిడ్డా, మంచిగున్న మిషిన్‌ను ఖరాబు జేసినవ్?" అంది. బోలెడంత వేడి వృథాగా పోతుంటే ఆపామని నేను ఎంతో ఓపిగ్గా చెప్పాను.

"వృథా ఏడ పోయింది? మేం వాడుకుంటనే ఉన్నం గదా" అంది ఆంటీ.

నేను గది వైపు చూశాను. నాన్నగారే నన్ను కాపాడతారనుకున్నాను. ఆయన గదిలోంచి తడి బనీను రెండు వేళ్లతో పట్టుకుని వచ్చి, "ఒరేయ్, ఆ రెసిస్టరు పీకెయ్" అన్నారు.

"మరి కరెంటో?"

"వానలు తగ్గాక చూద్దాంలే."

ఫ్యూజుగాడు మళ్లీ వచ్చాడు. "నడిచే మాల్‌ని కావాలని ఖరాబు జేసుడు నాకిదే ఫస్ట్ టైమ్" అని గొణుగుతూ పీకేశాడు. మధ్యాహ్నానికల్లా దుప్పటి ఆరింది, మిరపకాయ ఫెళ్లున విరిగింది, ఇల్లంతా తుమ్మింది. మిషను జోలికి ఇక ఎవరూ రాలేదు. నేను తవ్విన ఆవగింజలు ఆవకాయలోకి కూడా చాలవు గానీ, ఆ వానాకాలం మా ఇంట్లో నాకున్నంత విలువ మళ్లీ ఎప్పుడూ లేదు.

ఇప్పుడు నేనొక కంపెనీలో సర్వర్లు వేడెక్కకుండా చూసే ఉద్యోగం చేస్తున్నాను. బాగా చేస్తానని పేరు కూడా ఉంది. మొన్న ముసురులో అమ్మ తడి తువ్వాలు తెచ్చి, పనిలో ఉన్న నా ల్యాప్‌టాప్ పక్కన చెయ్యి పెట్టి చూసి, పెదవి విరిచి వెళ్లిపోయింది.